రాబందులు తగ్గిపోవడం వల్ల మన దేశంలో 5 లక్షల మంది కుక్కకాటుకు చచ్చిపోయారని వాట్సాప్‌లో వచ్చింది. ఇది నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఆ లెక్క వేసిన పరిశోధన అచ్చు కాకముందు నుంచే నమ్ముతున్నవాణ్ణి నేను. నా ఎడమ పిక్క మీద నాలుగు పళ్ళ గాట్లున్నాయి, నాకు అవి చాలు. అయితే మీకు వచ్చిన మెసేజీలో ఒక తిరకాసు ఉంది, దాని సంగతి తర్వాత. ముందు మా ఊరి సంగతి చెప్తా.

మాది కర్నూలు జిల్లా, పత్తికొండ వైపు ఒక పల్లె. ఊరికి పడమట వంక దాటితే ఒక మిట్ట. చచ్చిన గొడ్లను ఈడ్చి అక్కడే వేసేవాళ్ళు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, అంటే 1989 ఆ ప్రాంతంలో, మిట్ట మీద గొడ్డు పడిందని తెలిస్తే బడి ఎగ్గొట్టి పరిగెత్తేవాళ్ళం. తోలు తీసేవాళ్ళు పని ముగించి కత్తులు తుడుచుకుంటుండగానే పైన ఒక చుక్క కనపడేది. కాసేపటికి ఇరవై చుక్కలు. దిగేటప్పుడు ఆ రెక్కల చప్పుడు తడి దుప్పటి దులిపినట్టు ఉండేది. నేల మీద వాటి నడక చూస్తే మాత్రం నవ్వొచ్చేది. పంచె కాళ్ళకు అడ్డం పడుతున్న ముసలాయన గెంతినట్టు గెంతేవి. కుక్కలు దూరంగా కూర్చుని తమ వంతు కోసం చూసేవి. గంట తిరిగేసరికి ఎముకల గూడు మిగిలేది, వాసన ఉండేది కాదు. కొన్నాళ్ళకు ఎముకలు ఏరుకునేవాళ్ళు సైకిళ్ళ మీద వచ్చి గోనెసంచుల్లో నింపుకుని పోయేవాళ్ళు. ఊరికి పైసా ఖర్చు లేదు. బ్లీచింగు పొడి లేదు, టెండరు లేదు, కాంట్రాక్టరు అసలే లేడు.

ఇక మా కర్రెద్దు.

1996లో, సరిగ్గా ఏరువాక ముందర, దాని కుడి జబ్బ వాచి పైకి లేవలేకపోయింది. మా అబ్బ, అంటే మా తాత, వేపాకు కాపడం పెట్టినాడు. మా నాయనకు అంత ఓపిక లేదు, తొలి వాన పడితే దుక్కి దున్నాల. అప్పట్లో మోటార్‌సైకిల్ మీద ఊరూరా తిరుగుతూ మనుషులకూ గొడ్లకూ ఒకే సంచిలోంచి సూదులేసే ఆయన ఒకడుండేవాడు. ఏం చదివినావప్పా అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. వచ్చినాడు, పొడిచినాడు, డబ్బులు తీసుకున్నాడు. సాయంత్రానికి ఎద్దు లేచి నిలబడి చొప్ప తినింది. అప్పుడు మా నాయన ముఖం చూడాల్సింది, మా అబ్బను గెలిచినట్టు! తెల్లారి మళ్ళీ పడింది. మళ్ళీ సూది, మళ్ళీ లేచింది. అట్లా మూడు రోజులు. నాలుగో రోజు కోడికూత వేళకు చచ్చిపోయింది. దాని రోగం ఏమిటో ఈ రోజుకూ మాకు తెలీదు. నొప్పి తెలీకుండా చేసినాడు, అంతే.

మిట్ట మీదకు ఈడ్చినాం. అప్పటికే రాబందులు తగ్గినాయి. పదో పన్నెండో వచ్చినాయి, తిన్నాయి, పోయినాయి. మూడు నాలుగు రోజుల తర్వాత నేనూ మా చిన్నాయన కొడుకూ మేకలు తోలుకుని అటు పోతే, వంక గట్టున చింతచెట్టు కొమ్మ మీద ఒకటి కూర్చుని ఉంది. మెడ కిందికి వేలాడేసి, ముక్కు రొమ్ముకు ఆనించి. కల్లు తాగొచ్చినాడ్రా అని నవ్వుకున్నాం. రాళ్ళు వేసినాం. నా రాయి తగిలింది కూడా. తల ఇంత లేపి మమ్మల్ని చూసి మళ్ళీ వేలాడేసింది. ఎగరలేదు. మరుసటి రోజు చెట్టు కింద పడి ఉంది, ఒక రెక్క తెరుచుకుని, కంటి చుట్టూ చీమలు పట్టి. రాబందును అంత దగ్గర నుంచి నేను చూసింది అదొక్కసారే. మెడ మీద పసిపిల్లల తల మీది వెంట్రుకల్లాంటి నూగు ఉంటుంది.

ఎన్నో ఏళ్ళకు గానీ నాకు తెలీలేదు, భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో రాబందులను లెక్కపెడుతున్న విభూ ప్రకాశ్ అనే ఆయన కూడా 1990ల చివర్లో ఇదే గమనించినాడని: మెడలు వేలాడేసుకుని కూర్చుంటున్నాయి, తర్వాత రాలిపోతున్నాయి. వైరస్ ఏదో వచ్చిందని చాలామంది అనుకున్నారు. 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూసి 'నేచర్' పత్రికలో అసలు సంగతి బయటపెట్టింది. డైక్లోఫెనాక్. మనం నడుం నొప్పికి వేసుకునేదే. ఆ మందు వేసిన గొడ్డు కొద్ది రోజుల్లోపే చచ్చి, దాన్ని రాబందు తింటే కిడ్నీలు పాడైపోతాయి. యూరిక్ ఆమ్లం బయటికి పోలేక లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుంటుంది. చచ్చిన గొడ్లలో నూటికి ఒక్కదాంట్లో ఈ మందు ఉన్నా చాలు, జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోతుందని ఇంకో లెక్క వేసినారు. ఒక్క గొడ్డు మీద అన్ని వాలతాయి కదా. పైగా ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి అది, పోయిన సంఖ్య మళ్ళీ పూడ్చుకోలేదు.

మా కర్రెద్దుకు పొడిచింది అదే మందని నీకెట్లా తెలుసు అంటారేమో. తెలీదు. సీసా మీద పేరు నేను చదవలేదు. అయినా కోర్టులో నిలబెట్టి అడిగినా అదే అని చెప్తా. పేటెంటు పోయి ఆ మందు చవకైందీ, పశువులకు వాడకం పెరిగిందీ 1994 నుంచి. మూడు రోజులు సూది, నాలుగో రోజు చావు, వారం లోపల చెట్టు మీద మెడ వేలాడేసిన రాబందు. ఇంకేం కావాల?

ఇప్పుడు పిక్క సంగతి. 2001లో పక్కింటివాళ్ళ బర్రె చచ్చింది. మిట్ట మీద వేసినారు. ఈసారి ఆకాశంలో ఒక్క చుక్క రాలేదు. ఐదు రోజులు ఊరంతా ముక్కులు మూసుకుంది. ఇన్నాళ్ళూ దూరంగా కూర్చున్న కుక్కలు పండగ చేసుకున్నాయి, ఎక్కడెక్కడివో వచ్చి చేరినాయి. ఆ రోజుల్లో మోటార్లకు త్రీఫేజు కరెంటు అర్ధరాత్రి దాటినాక ఇచ్చేవాళ్ళు (రైతుకు నిద్ర అవసరం లేదని ఎవరు తీర్మానించినారో ఆయన్ను నేనొకసారి చూడాల). బుడ్డలకు (వేరుశనగకు) నీళ్ళు కట్టాలని టార్చిలైటు పట్టుకుని మిట్ట పక్కనుంచే పోతున్నా. లైటు వెలుగులో కళ్ళు, జతలు జతలుగా. అరవలేదు, అదే భయం. ఒకటి వెనక నుంచి వచ్చి పిక్క పట్టుకుంది. టార్చితో దాని తల మీద కొడితే టార్చే పగిలింది.

మా అవ్వ ఏదో ఆకు పసరు పిండి, పైన మిరప్పొడి అద్దింది. ఆ మంట చెప్పలేను, కుక్కే నయం. తెల్లారినాక ఆస్పత్రికి పోతే బొడ్డు చుట్టూ సూదులు. రోజుకొకటి. ఎన్ని పడినాయో లెక్కపెట్టలేదు, పదికి పైనే. గొర్రె మెదడు నుంచి తీసే పాత టీకా అది, 2004 తర్వాత మన దేశంలో ఆపేసినారు. ఇప్పుడు భుజానికి నాలుగైదు సార్లు వేస్తారు, దోమ కుట్టినంత కూడా ఉండదు. కాబట్టి కుక్క కరిస్తే పసర్లూ మిరప్పొడీ మాని, సబ్బుతో పదిహేను నిమిషాలు నీళ్ళ ధార కింద కడిగి అదే రోజు ఆస్పత్రికి పొండి. పన్ను దిగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను అప్పటికప్పుడు అడ్డుకునే మందు) వేయమని నోరు తెరిచి అడగండి, గాయంలోనే వేస్తారు.

సరే, మీ ప్రశ్న. 5 లక్షలు అన్న లెక్క ఐయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరిది. 2024లో 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ'లో వచ్చింది. డాక్టర్లు కాదు, అర్థశాస్త్రం వాళ్ళు. వాళ్ళు శవాలను లెక్కపెట్టలేదు. రాబందులు బతకడానికి అనువైన జిల్లాలు ఒక పక్క, కానివి ఇంకో పక్క పెట్టి, డైక్లోఫెనాక్ రాకముందూ వచ్చినాకా చావుల రేటు పోల్చినారు. రాబందులుండాల్సిన జిల్లాల్లో అది 4 శాతానికి పైగా పెరిగిందని తేలింది. 2000 నుంచి 2005 దాకా కూడితే దగ్గర దగ్గర 5 లక్షలు. తిరకాసు ఇక్కడుంది: వీళ్ళంతా కుక్కకాటుతో పోయినోళ్ళని వాళ్ళు ఎక్కడా అనలేదు. కుక్కలు పెరగడం ఒకటి, కళేబరాలు కుళ్ళి నీళ్ళలో కలవడం ఇంకొకటి. వంకలోకి, వంక నుంచి చెరువులోకి. మా మిట్ట కింద పారే వంక నీళ్ళే చెరువులోకి పోతాయి, ఆ చెరువు నీళ్ళే మేం తాగినాం. ఒక్క రేబిస్‌కే లెక్క కట్టినవాళ్ళు వేరే ఉన్నారు, 2008లో. 1992 నుంచి 2006 మధ్య రాబందుల్లేక పోయిన ప్రాణాలు 48 వేల దాకా అన్నారు. ఐసీఎంఆర్ (మన దేశ వైద్య పరిశోధన మండలి) ఈ మధ్య చేసిన సర్వేలో ఇప్పుడు ఏటా రేబిస్‌తో పోయేవాళ్ళు సుమారు 5,700 మంది, జంతువులు కరిచేది ఏటా 91 లక్షల మందిని అని వచ్చింది. ఇన్ని అంకెలను కలిపి కుక్కకాటు, 5 లక్షలు, షాక్ అని మూడు ముక్కల్లో మెసేజీ చేసినాడు ఎవడో. టీవీ వాళ్ళు నయమా? 'సంచలన పరిశోధన' అని ఎర్రక్షరాలు తిప్పుతారు, ఎవరు చేసినారో ఎట్లా చేసినారో ఒక్క ముక్క చెప్పరు.

నన్నడిగితే అసలు దోషి డైక్లోఫెనాక్ కూడా కాదు, మన సూది పిచ్చి. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించినారు. ఏమైంది? మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు కొని గొడ్లకు పొడిచినారు. అందుకే 2015లో మనుషుల సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించాల్సి వచ్చింది. ఈలోగా కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే వేరే నొప్పి మందులు పట్టుకున్నారు. అవీ రాబందులను చంపుతాయని తేలి 2023లో పశువులకు ఆపినారు. ఆ తర్వాత నిమిసులైడ్. ఒకటి మూస్తే ఇంకొకటి. మా ఊళ్ళో ఈనాటికీ కూలికి పోయొచ్చిన మనిషి ఒళ్ళు నొప్పులని పోతే, మాత్ర రాసిచ్చినోడు డాక్టరే కాదు, సూదేసినోడే డాక్టరు. గొడ్డుకైతే ఇంక చెప్పేదేముంది. అక్కడ లేపాక్షిలో జటాయువుకు పెద్ద బొమ్మ పెట్టి దాని ముందర సెల్ఫీలు దిగుతాం. రెక్క తెగిన పక్షికి రాముడు చేసిన మర్యాద కథలు కథలుగా చెప్పుకుంటాం.

మెలాక్సికామ్ అని ఒక మందుంది. నొప్పికి, వాపుకు అదీ పని చేస్తుంది, రాబందులకు ఏమీ కాదని పరీక్షలు చేసి మరీ తేల్చినారు. ఊరికి పోయినప్పుడల్లా ఇది చెప్పి చెప్పి నాకు మెలాక్సికామ్ అని పేరు పడింది.

మొన్న మా అమ్మ ఫోన్లో ఆవుకు పొదుగు వాచిందని, సూది వేయించినానని చెప్పింది. ఏం సూది అంటే నాకేం తెలుసురా అంది. మేనల్లుడితో సీసా ఫోటో తీయించి పంపించుకున్నా. పెద్దది చేసి చూస్తే మెలాక్సికామే. సంతోషం పట్టలేక మళ్ళీ ఫోన్ చేసి, అమ్మా మంచి పని చేసినావు, రాబందులకు ఏమీ కాదు అన్నా.

"యాడుండాయి రా రాబందులు, సచ్చేకి?" అంది.