సిస్టరమ్మను అడగండి: పాలు చాలట్లేదంటున్నారు, తండ్రిగా నేనేం చేయాలి?

ప్రశ్న: గ్రానైట్ యూనిట్‌లో పాలిషింగ్ పని చేస్తాను. నా భార్యకు 30 వారాలకే కాన్పయింది. బాబు 1,300 గ్రాములు. ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్నాడు, ఇవాళ ఐదో రోజు. రెండు గంటలకోసారి గొట్టంతో 4 ఎం.ఎల్. పాలు పడుతున్నారు. తను డిశ్చార్జి అయి పుట్టింట్లో ఉంది. రోజుకు ఐదుసార్లు పిండుతోంది, ప్రతిసారీ 10 ఎం.ఎల్.కి మించి రావట్లేదని ఒకటే ఏడుపు. డబ్బాపాలు మొదలుపెట్టమని మా అత్తగారు అంటున్నారు. పురుడు తీరేదాకా నన్ను ఆ గదిలోకి రానివ్వరు. బిల్లులు కట్టడం తప్ప నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, మీరు రాసిన అంకెలే ఒకసారి లెక్కేయండి. బాబు రోజంతా తాగేది 48 ఎం.ఎల్. మీ ఆవిడ పిండుతున్నది 50. అంటే ఇవాళ్టికి పాలు చాలుతున్నాయి! ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. ముందు అది చెప్పండి.

అలాగని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. బాబు అరిగించుకుంటున్న కొద్దీ డాక్టర్లు పాలు పెంచుకుంటూ పోతారు, త్వరలోనే రోజుకు 200 ఎం.ఎల్. దాకా కావాలి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ కలిపి చేయడం ఇలాంటి పిల్లలకు, కడుపులో ఉన్న వారాలతో కలిపి, 32–34 వారాలు వస్తే గానీ చేతకాదు. అప్పటిదాకా చేత్తోనో పంపుతోనో రోజుకు ఎనిమిదిసార్లకు తగ్గకుండా పిండాలి, అందులో ఒకసారి రాత్రిపూట. పచ్చి బాలింత తనే లేచి, పిండి, గిన్నెలు కడుక్కుని పడుకోవాలంటే ఎన్నాళ్ళు చేయగలదు? అలారం మీ ఫోన్‌లో పెట్టుకోండి. పంపు భాగాలు కడిగి మరగబెట్టే పని మీరు తీసుకోండి. గదిలోకి రావద్దంటే గడప బయటే కూర్చుని చేయండి. రెండు రోజులు పోతే వాళ్ళే లోపలికి పిలుస్తారు, చాలా ఇళ్ళలో చూశాను.

ఒక్కటి మాత్రం చేయకండి. పిండిన ప్రతిసారీ "ఎంతొచ్చాయి?" అని అడగొద్దు. మా వార్డు బయట కొందరు తండ్రులు డబ్బాని లైటుకు పట్టి గీతలు చూస్తుంటారు, పక్కన ఆ తల్లి తలెత్తదు. టెన్షన్ పడితే ఉన్న పాలు కూడా దిగవు. దానికి బదులు సిస్టర్ని అడిగి బాబు వీడియో తీసుకెళ్ళండి, వాడి కింద పరిచిన గుడ్డ ఒకటి తీసుకెళ్ళండి. పిండేటప్పుడు అవి దగ్గరుంటే తేడా మీకే తెలుస్తుంది.

పాలు చేర్చే పని ఎలాగూ మీదే. మరగబెట్టిన మూత డబ్బాలో పోసి, తేదీ, టైము రాసి వెంటనే ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి, తలుపు అరలో కాదు. ఖమ్మం ఎండల్లో ఐస్ బాక్సు లేకుండా బయలుదేరొద్దు. పైన మీగడలా తేలితే పాలు విరిగాయనుకోకండి, కొవ్వు అలాగే తేలుతుంది. పొయ్యి మీద మాత్రం కాచకూడదు.

బాబు నిలకడగా ఉన్నాడా, కంగారూ కేర్ ఇవ్వొచ్చా అని డాక్టర్ని అడగండి. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది. డైపర్, టోపీ, సాక్సులతో ఉన్న బిడ్డను చొక్కా లేని ఛాతీకి ఆనించుకోవాలి. మొదటి హక్కు తల్లిదే, ఎందుకంటే ఆ తర్వాత పిండితే పాలు బాగా వస్తాయి. ఆమె ఇంటి దగ్గర నిద్రపోయే వేళ మీరు కూర్చోండి, కనీసం గంట కదలకుండా. డ్యూటీ దిగి నేరుగా రావద్దు. రాతి పొడి పోయేలా తలస్నానం చేసి, ఉతికిన బట్టలతో రండి. సిగరెట్ అలవాటుంటే మానేయండి, నేనైతే ఆ వాసనతో వచ్చినవాళ్ళ చేతికి బిడ్డనివ్వను.

ఇక డబ్బాపాలు. నెలలు నిండని పిల్లల పేగులు చాలా లేత. తల్లిపాలు తాగే పిల్లల్లో పేగులు వాచి దెబ్బతినే జబ్బు తక్కువ. నిజంగా చాలని రోజొస్తే దాత పాలు దొరుకుతాయేమో ముందు అడగండి. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ తల్లిపాల బ్యాంకు అందుకే పెట్టారు. డబ్బా డాక్టరు రాస్తేనే. కూతురు చెబితే కొట్టిపారేసే తల్లి కూడా అల్లుడు చెబితే వింటుంది, కాబట్టి ఈ మాట మీ అత్తగారితో మీరే మాట్లాడండి. పనిలో పనిగా పథ్యం పేరుతో మీ ఆవిడకు నీళ్ళు తగ్గించొద్దని కూడా చెప్పండి.