ఎదుటివాడి మోచెయ్యి నీ చేతిలో ఉన్నప్పుడు

అల్లుడూ,

గచ్చిబౌలిలో జియు-జిట్సు, అదే పట్లతో లొంగదీసే ఆ కుస్తీ, క్లాసులో చేరావనీ, నీ తర్వాత చేరిన కుర్రాణ్ణి ఒకే సాయంత్రం వరసబెట్టి ట్యాప్ చేయించావనీ, అంటే ఓడానని చేత్తో తట్టేలా చేశావనీ, నీ మెసేజ్ చదివాను. చేరినందుకు చాలా సంతోషం. నలభై దాటాక ఆ మ్యాట్ ఎక్కి ఇప్పటికీ దిగనిదాన్ని కాబట్టి, మీ అమ్మానాన్న చెప్పలేని సంగతులు కొన్ని నేనే చెప్పాలి. ముందు ఒకటి అడుగుతాను. ఆ కుర్రాడు మర్నాడు క్లాసుకి వచ్చాడా?

జిమ్‌లో బరువులెత్తి పెంచిన ఒళ్లు నీది. మొదటి నెలల్లో ఆ బలం గెలుపులిస్తుంది గానీ ఆట నేర్పదు. ఆర్మ్‌బార్‌లో, అంటే చేతిని చాపి మోచేతిని వెనక్కి విరిచే పట్టులో, ఎదుటివాడి మోచెయ్యి నీ పొత్తికడుపు మీద ఆనుకుని, మణికట్టు నీ రెండు చేతుల్లో ఉంటుంది. అక్కడి నుంచి కీలు దెబ్బతినడానికి ఎంతో దూరం ఉండదు. ఆ కాస్త దూరం నెమ్మదిగా వెళితే అతనికి ట్యాప్ చేసే వ్యవధి దొరుకుతుంది, గుంజావంటే దొరకదు. చేయి అందక నోటితో "ట్యాప్" అన్నా, బాధతో అరిచినా అదే లెక్క, వెంటనే వదిలెయ్యాలి. చోక్, అంటే మెడ నొక్కే పట్టు, పట్టినప్పుడు మరీ జాగ్రత్త. మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు నొక్కుకుపోతే పది సెకన్లలోపే స్పృహ తప్పొచ్చు. ఎదుటివాడి చేతులు ఉన్నట్టుండి మెత్తబడితే ట్యాప్ కోసం చూడకు, వదిలెయ్యి. ఇక హీల్ హుక్, అంటే మడమ పట్టి కాలు మెలిపెట్టే పట్టు, జోలికి ఇప్పుడు అసలు వెళ్లకు. నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ తెగిపోయే పట్టు అది. అందుకే పెద్ద పోటీల నిబంధనల్లో తెల్ల బెల్టులకు, అంటే నీలాంటి కొత్తవాళ్లకు, దాన్ని నిషేధించారు.

ఎంతమందిని ట్యాప్ చేయించావని నేనెప్పుడూ అడగను. నీకన్నా చిన్నవాళ్లు, ఆడపిల్లలు, నా వయసువాళ్లు "నాతో ఒక రౌండ్ ఆడతావా" అని తమంతట తాము నీ దగ్గరికి వస్తున్నారా? నాకు కావలసిన కబురు అది. ఆ కుర్రాడు మళ్లీ కనిపిస్తే నువ్వే వెళ్లి పిలువు. అతణ్ణి పైన ఉండమని, నువ్వు కింద నుంచి మొదలుపెట్టు.

మీ క్లాసులో ఎవరో ఒకరు 1951 నాటి కథ చెప్పే ఉంటారు. బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో యోధుడు మసాహికో కిమురా, హీలియో గ్రేసీ చెయ్యి మెలిపెట్టి పట్టాడు. హీలియో ట్యాప్ చేయలేదు. చివరికి అన్న కార్లోస్ టవల్ విసిరి పోరు ఆపించాడు. అందరూ హీలియో మొండితనాన్ని మెచ్చుకుంటారు. నాకైతే ఆ కథలో గొప్పవాడు కార్లోసే. తమ్ముడి పరువు కన్నా చెయ్యి ముఖ్యమని అంతమంది జనం ముందు తేల్చడానికి ఎంత గుండె ఉండాలి! నీ వైపు టవల్ విసిరేవాళ్లు క్లాసులో ఎవరూ ఉండరు కాబట్టి ఆ పని నువ్వే చేసుకోవాలి. పట్టు పూర్తిగా బిగిశాక కాదు, బిగుస్తోందని తెలియగానే ట్యాప్ చెయ్యి.

కింద పడటం అవమానమని నీకు ఉన్నట్టుంది. పాతబస్తీ తాలీంఖానాల్లో కుస్తీ చూసి పెరిగినవాళ్లకు అది సహజమే, అక్కడ వీపు మట్టికి ఆనితే కథ ముగిసినట్టే. ఇక్కడ వీపు ఆనాకే గార్డ్, అంటే కింద నుంచి కాళ్లతో ఎదుటివాణ్ణి అడ్డుకోవడం, మొదలవుతుంది, సగం విద్య అక్కడే ఉంది. నీకన్నా బరువైనవాడు సైడ్ కంట్రోల్‌లో, అంటే పక్కనుంచి అడ్డంగా, నీ ఛాతీ మీద పడుకున్నప్పుడు ఏం జరుగుతుందో గమనించు. ఊపిరి బిగబడతావు, రెండు చేతులతో పైకి నెడతావు, నిమిషంలో జబ్బలు చచ్చుబడతాయి. అలా చేయకు. ముందు ఊపిరి వదులు. ముంజేతిని అతని మెడ దగ్గర అడ్డం పెట్టు. పక్కకి తిరుగు. నడుము వెనక్కి జరుపు, ఒక్క బెత్తెడు చాలు. ఆ ఖాళీలోకి నీ మోకాలు వస్తుంది.

మీ తాతయ్యకు స్ట్రోక్ వచ్చిన రాత్రి నన్ను నిలబెట్టింది ఇదే. ఒకరు స్కాన్ అంటున్నారు, ఒకరు డబ్బు కట్టమంటున్నారు, మీ నాన్న ఏడుస్తున్నాడు. ఊపిరి వదిలి, ముందు ఆయనకు లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో డాక్టరుకి చెప్పాను. స్ట్రోక్‌లో వైద్యం చాలావరకు ఆ టైమును బట్టే ఉంటుంది. మిగతావి ఒక్కొక్కటే చూసుకున్నాను. తర్వాత ఆయన మంచాన ఉన్నన్నాళ్లూ రోజుకి ఎన్నోసార్లు పక్కకి తిప్పాలి కదా. చేతులతో లాగితే ఆయన భుజం నొచ్చుకునేది, నా నడుమూ పట్టేసేది. మోకాళ్లు వంచి, ఆయన్ని దగ్గరగా పొదువుకుని, నా ఒంటి బరువునే అటు మార్చేదాన్ని. ఆయన సులువుగా తిరిగేవారు. మ్యాట్ మీద ఎదుటివాణ్ణి తిరగేసే పనే అది, కాకపోతే ఆయన్ని పడకుండా చూసుకోవడానికి. పరాయి మనిషి ఒంటి బరువు ఎక్కడ ఆనుతోంది, ఎక్కడ నొప్పి మొదలవుతోంది అని చేతులకు తెలియడమే నాకు ఈ విద్య ఇచ్చిన అతిపెద్ద వరం. నీ బలానికి ఆ తెలివిడి తోడైతే నిన్ను చూసి నాకంత ఆనందం మరొకటి ఉండదు.

శుభ్రత సంగతి చిన్నది అనుకోకు. క్లాసు ముందు గోళ్లు కత్తిరించుకో. మ్యాట్ దిగితే చెప్పులు వేసుకో, ముఖ్యంగా బాత్రూమ్‌కి. తడి గీని, అంటే క్లాసులో వేసుకునే ఆ దళసరి దుస్తుల్ని, బండి డిక్కీలో రాత్రంతా ఉంచకు. మన వానాకాలంలో తామర అంటుకుందంటే క్లాసంతా పాకుతుంది. ఒంటి మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ కనిపిస్తే మెడికల్ షాపులో అడిగి మలాము రాయకు. స్టెరాయిడ్ కలిసిన వాటితో రెండ్రోజులు తగ్గినట్టుండి తర్వాత ముదురుతుంది. చర్మం డాక్టరుకి చూపించు, తగ్గేదాకా మ్యాట్ ఎక్కకు.

వారానికి మూడు క్లాసులు చాలు. అయిదు రోజులూ వెళ్తానంటున్నావు, ఆఫీసు నుంచి కొండాపూర్ ట్రాఫిక్ ఈదుకుంటూ ఇంటికి చేరి ఎప్పుడు తింటావు, ఎప్పుడు నిద్రపోతావు? బెల్టు రంగు గురించి ఇప్పుడే లెక్కలు వేయకు. నల్ల బెల్టుకి పదేళ్లు పట్టడం మామూలే. తెల్ల బెల్టు తర్వాతి బ్లూ బెల్టు చేతికి రాగానే మానేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నువ్వు ఉండు.

ఒక్క గీతో వానాకాలం గడవదు, ఆరదు. రెండోది నేను కొనిస్తాను. నీ ఎత్తు, బరువు రాసి పంపు. నూలు గుడ్డ కాబట్టి ఉతికితే కొంచెం లాక్కుంటుంది, ఇప్పుడున్నది నీకు చేతుల దగ్గర బిగుతుగా ఉందో లేదో కూడా చెప్పు.

ప్రేమతో,
మీ అత్త
మల్కాజిగిరి, హైదరాబాద్