పురిటి గదికి తోడు వెళ్లే ముందు

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. కాన్పుకు తోడు ఉండమని స్నేహితురాలు నోరు తెరిచి అడిగితే కాదనలేక ఒప్పుకున్నావనీ, ఆనాటి నుంచి నీకు నిద్ర పట్టడం లేదనీ రాశావు. రక్తం చూస్తే కళ్లు తిరిగేదానివి, పైగా నీ తొలి కాన్పులో పడిన కష్టాన్ని ఇంకా మరిచిపోలేదు. భయపడడంలో వింతేమీ లేదు. ఇటువంటి గదుల్లో పలుమార్లు కూర్చున్నదాన్ని కనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

ఆ భయం సంగతి నొప్పులు రాకముందే ఆమెకు చెప్పెయ్యి. కళ్లు తిరిగితే బయటికి వెళ్లి వస్తానని ముందే అనుకుంటే, ఆ సమయంలో ఆమె కంగారు పడదు. నీ బదులు ఎవరు కూర్చోవాలో కూడా అప్పుడే తేల్చుకోండి. నీ కాన్పు కథ మాత్రం చెప్పవద్దు. ధైర్యం చెబుతున్నాననుకొని నేను ఒకామెకు నా నొప్పులు ఎన్ని గంటలు సాగాయో చెప్పాను. ఆ క్షణం నుంచి ఆమె గడియారం మీద నుంచి చూపు తిప్పలేదు.

తొలి కాన్పులో గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక కూడా, పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు, తెరుచుకోవడానికి 12 గంటల దాకా పట్టవచ్చు. అంతకు ముందు దశ ఎంతసేపు సాగుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి కడుపు నిండా తిని వెళ్లు, వీలు దొరికినప్పుడు కునుకు తియ్యి. ఖాళీ కడుపుతో నిలబడినవాళ్లే ఎక్కువగా పడిపోతారు. ఉంగరాలు తీసేసి వెళ్లు. పట్టుకోవడానికి చెయ్యంతా కాక రెండు వేళ్లే ఇవ్వు, లేకపోతే నీ ఎముకలు నలుగుతాయి. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు.

నొప్పి వచ్చినప్పుడు అది సుమారు ఒక నిమిషం ఉంటుంది. ఆ నిమిషంలో ప్రశ్నలు వేయకు; నువ్వు నిదానంగా, వినిపించేలా ఊపిరి వదులుతూ ఉంటే ఆమె దాన్ని అందుకుంటుంది. నడుము పట్టేస్తోందంటే, అరచెయ్యి ఆనించి నడుము కింది ఎముక మీద గట్టిగా, కదపకుండా నొక్కి ఉంచు. నొప్పికి నొప్పికి మధ్య, డాక్టరు వద్దనకపోతే, గుక్కెడు నీళ్లు తాగించు, మూత్రానికి వెళ్లమని గుర్తు చెయ్యి, వెల్లకిలా ఎక్కువసేపు పడుకోనివ్వక పక్కకు తిరగమను లేదా కాసేపు నడిపించు. ఇవన్నీ చిన్న పనులుగా కనిపిస్తాయి గానీ, పక్కన ఒకరు విడవకుండా ఉండడం వల్ల సిజేరియన్లు తగ్గుతాయనీ, నొప్పుల కాలం కొంత తగ్గుతుందనీ 15,000 మందికి పైగా స్త్రీలను పరిశీలించిన అధ్యయనాల్లో తేలింది.

చివరి దశ దగ్గరపడినప్పుడు ఆమె వణకవచ్చు, వాంతి చేసుకోవచ్చు, ఇక నా వల్ల కాదని నిన్నే కసురుకోవచ్చు. నీ పాత భయం పైకి లేచేది సరిగ్గా అప్పుడే. తలవైపే నిలబడి, ఆమె కళ్లలోకి చూడు. మరో వైపు చూడవలసిన పని నీకు లేదు. కళ్ల ముందు చీకట్లు కమ్మితే సిగ్గుపడకుండా వెంటనే కింద కూర్చొని తల వంచు. నువ్వు పడిపోతే నర్సు ఇద్దరిని చూసుకోవలసి వస్తుంది. వైద్యులు ఏదైనా నిర్ణయం చెబితే వాదించకు. ఎందుకో ఆమెకు అర్థమయ్యేలా మరోసారి చెప్పమని అడుగు.

బిడ్డ చేతులూ కాళ్లూ కాస్త నీలంగా, తల పొడుగ్గా, ఒళ్లంతా తెల్లటి పూతతో కనిపిస్తే ఉలిక్కిపడకు. అది మామూలే, పైగా ఆమె చూస్తున్నది నీ ముఖాన్నే. మాయ పడడానికి అరగంట దాకా పట్టవచ్చు కనుక అప్పుడే లేచి ఫోన్లు చేయడం మొదలుపెట్టకు.

నీ ఏడుపు ఇంటికి వచ్చాక, నాకు ఫోన్ చేసి ఏడువు. అక్కడున్నప్పుడు ఎన్ని గంటలకు ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి ఉంచు. కొన్నాళ్లకు ఆమె అదంతా మొదటి నుంచి చెప్పమని అడుగుతుంది, అందులో సగం ఆమెకు గుర్తుండదు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ