సీసాలో కరగాలి, కాగితం మీద కరగకూడదు

ప్రశ్న: మాది తెనాలి. జెరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ఫైనలియర్. ఫార్మా కంపెనీలో చేరమ్మా అంటే, ఇంక్‌జెట్ ప్రింటర్ ఇంకుల్లో వాడే రంగులు తయారుచేసే పని నేర్చుకుంటానంటోంది. మా చుట్టాల్లో ఎవరికీ ఈ లైను తెలియదు. దీనికి భవిష్యత్తు ఉందా? పిల్లని ఎటు పంపాలి? టెన్షన్‌గా ఉంది.

జవాబు: నమస్కారమండీ. మీ షాపులోంచే మొదలుపెడదాం. వానలో తడిసిన హాల్ టికెట్ పట్టుకుని, మళ్లీ ప్రింటు తీసివ్వమని వచ్చిన పిల్లల్ని మీరు చూసే ఉంటారు. ఫొటోలోని చొక్కా రంగు కారి పక్కనున్న అక్షరాల మీదికి పాకి ఉంటుంది. మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్న పని సరిగ్గా ఆ మరక దగ్గరే మొదలవుతుంది.

ఇంక్‌జెట్ ప్రింటర్ హెడ్‌లో రంధ్రాలు వెంట్రుక కంటే సన్నంగా ఉంటాయి. రంగు పూర్తిగా కరిగి ఉండకపోతే అవి మూసుకుపోతాయి. హెడ్ క్లీనింగ్ ఎన్నిసార్లు కొట్టినా గీతలు పోకపోవడం మీకు తెలిసిన బాధే. కాబట్టి సీసాలో ఉన్నంతకాలం రంగు నీళ్లలో కరిగే ఉండాలి. కాగితం మీద పడి ఆరిపోయాక మాత్రం, నీళ్లు తగిలినా కరగకూడదు. ఈ రెండు పనులూ ఒకే అణువు చేయాలి. అలాంటి అణువును కట్టడమే ఈ ఉద్యోగం.

తొలి రోజుల్లో ఇంక్‌జెట్ కోసమంటూ రంగులు లేవు. బట్టలకో, కాగితానికో, తినే పదార్థాలకో చేసిన రంగులే తెచ్చి వాడుకున్నారు. ఫుడ్ బ్లాక్ 2 అనే నలుపు అలా వచ్చిందే. అది బాగా కరుగుతుంది, అందుకే తడి వేలు తగిలితే చెదిరిపోయేది. ఇంగ్లండ్‌లో ఐసీఐ అనే రసాయనాల కంపెనీ శాస్త్రవేత్తలు దీనికో దారి కనిపెట్టారు. రంగు అణువును నీళ్లలో బాగా కరిగించే భాగాలైన సల్ఫోనిక్ గ్రూపులు కొన్ని తగ్గించి, వాటి చోట క్షారంలో మాత్రమే బాగా కరిగించే కార్బాక్సిలిక్ గ్రూపులు పెట్టి, అమ్మోనియం లవణంగా మార్చారు. ఇంకు కాస్త క్షారంగా ఉంటుంది కాబట్టి అందులో అది కరుగుతుంది. కాగితం మీద పడ్డాక అమ్మోనియా ఎగిరిపోతుంది, మిగిలిన ఆమ్లరూపం నీళ్లకు లొంగదు. నాకు ఇది ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని కెమిస్ట్రీ.

మీ అమ్మాయికి ఇది బొత్తిగా కొత్తేమీ కాదు. డిగ్రీ ల్యాబులో ఐసులో పెట్టి, 5 డిగ్రీలు దాటకుండా చూసుకుంటూ అనిలిన్‌ను డయజోటైజ్ చేసి, అంటే మరో అణువుతో జతకట్టేలా మార్చి, బీటా నాఫ్తాల్ అనే రసాయనంతో కలిపే ఉంటుంది. నారింజ ఎరుపు పొడి వస్తుంది, నీళ్లలో కరగదు. అనిలిన్ బదులు సల్ఫానిలిక్ ఆమ్లం తీసుకుంటే వచ్చే ఆరెంజ్ 2 అనే రంగు నీళ్లలో కరుగుతుంది. రెండింటికీ తేడా ఒక్క సల్ఫోనిక్ గ్రూపు. ఆ రోజు పరీక్షనాళిక వైపు ఆశ్చర్యంగా చూసిన పిల్ల అయితే ఈ లైనులో నిలబడుతుంది. మార్కుల కంటే ముందు నేను అడిగేది అదే.

రంగు చేయడంతో పని అయిపోదు. మామూలుగా ఇలాంటి రంగులను ఉప్పు వేసి నీళ్లలోంచి పొడిగా అడుగుకి దించుతారు, ఆ ఉప్పు పొడిలో ఉండిపోతుంది. బట్టల అద్దకానికి ఫరవాలేదు, ఇంక్‌జెట్‌కి మాత్రం క్లోరైడు హెడ్‌ను తినేస్తుంది. వేడితో చుక్కను నెట్టే హెడ్లలో చిన్న హీటరు సెకనులో లక్షో వంతు సమయంలోనే 300 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఇంకులో మలినాలుంటే దాని మీద మాడు కట్టేస్తుంది. అందుకే మెంబ్రేన్ ఫిల్టర్లతో ఉప్పు తీసేస్తారు. ఈ శుద్ధి, హెచ్‌పీఎల్‌సీ అనే, పదార్థాలను విడదీసి చూపే యంత్రం మీద మలినాల లెక్క, ఫార్మాలో చేసేదానికి దగ్గరి చుట్టాలు. రెండు మూడేళ్లు ఇక్కడ పనిచేసి, నచ్చక ఫార్మాకి మారాలనుకుంటే ఆ అనుభవం పనికొస్తుంది.

ఇక భవిష్యత్తు మాట. ఆఫీసు ప్రింటర్ల ఇంకు ఒక్కటే నమ్ముకుని వెళ్లమని చెప్పను. ఫోన్లో చూపిస్తే సరిపోయే కాగితాలు పెరుగుతున్నాయి, మీకే తెలుసు. చూడాల్సింది బట్టల మీద డిజిటల్ ప్రింటింగ్ వైపు. నూలు బట్ట మీద ఇంక్‌జెట్‌తో వేసేవి ఎక్కువగా రియాక్టివ్ రంగులు. అవీ నీళ్లలో కరిగేవే, కానీ ఆవిరి పట్టాక నూలు దారంతో రసాయన బంధం వేసుకుంటాయి, ఉతికినా పోవు. ఈ రకం రంగులు 1956లో మార్కెట్లోకి వచ్చాయి. ఇంకు సమస్యకే ఇది మరో జవాబు.

దూరం విషయం దాచను. మన జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లో మందుల కంపెనీలే ఎక్కువ. రంగుల పరిశ్రమ ఉన్నది గుజరాత్‌లో అహ్మదాబాద్ వట్వా, అంకలేశ్వర్, వాపి వైపు. చదువు కొనసాగించాలంటే ముంబైలో 1933లో మొదలైన ఐసీటీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)కి రంగుల రసాయనంలో పెద్ద పేరుంది. పీహెచ్‌డీ అనుకుంటే పుణెలో ఎన్‌సీఎల్, హైదరాబాద్‌లో ఐఐసీటీ అనే ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థలు ఉన్నాయి. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, పైగా ఇంటద్దె భత్యం. అమ్మాయిని ముందు నెట్, గేట్ రాయమనండి. ఫైనలియర్‌లోనే రాయొచ్చు.

నేరుగా ఉద్యోగంలో చేరితే మొదట క్వాలిటీ కంట్రోల్లో వేస్తారు. చిన్నతనం అనుకోవద్దు, రంగు ఎక్కడ చెడుతుందో అక్కడే తెలుస్తుంది. కానీ తండ్రిగా మీరు ఒక్కటి గట్టిగా కనుక్కోండి. ఈ రంగులు ఎక్కువగా అనిలిన్ జాతి రసాయనాలైన ఆరోమాటిక్ ఎమీన్లతో చేస్తారు. వాటిలో బెంజిడిన్ లాంటివి మూత్రాశయ క్యాన్సర్ తెచ్చాయి. పొగలు పీల్చే హుడ్లు పనిచేస్తున్నాయా, మురుగునీటి శుద్ధి ఉందా అని ఇంటర్వ్యూలో అడగడానికి అమ్మాయి మొహమాటపడకూడదు. ఆ ప్రశ్నకి చిరాకుపడే చోట చేరొద్దు.

ఈలోగా మీ షాపులోనే ఒక పని చేయించండి. గ్లాసీ ఫొటో పేపర్ మీద నీలం, గులాబీ, పసుపు, నలుపు పట్టీలు నాలుగు కాపీలు ప్రింటు తీయండి. ఒకటి పుస్తకంలో మూసిపెట్టండి, ఒకటి ఎండ పడే కిటికీకి అంటించండి, ఒకటి జెరాక్స్ మెషిన్ వెనక గోడకి. పాత జెరాక్స్ మెషిన్ల దగ్గర వచ్చే ఘాటు వాసన ఓజోన్‌ది, ఇంకులోని నీలానికి అది పెద్ద శత్రువు. ఆ నీలం చాలావరకు కాపర్ థాలోసయనిన్ రంగు, గాలిలోని ఓజోన్‌కే పాలిపోతుంది. నాలుగో కాపీని అమ్మాయి తడి వేలితో రుద్ది చూడాలి. వారానికోసారి తేదీ వేసి, ఏ రంగు ఎంత మారిందో నోటుబుక్కులో రాసుకోమనండి. మూడు నెలల తర్వాత ఆ నోటుబుక్కూ పట్టీలూ సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లమనండి.