డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే సాధనం) ఆపి మళ్లీ లేపితే చీరల సైటు ఖాళీగా వస్తోంది. డేటా పోయినట్టేనా?

పోయి ఉండదు. ముందు ఒక మాట: డాకర్ వాల్యూమ్ ప్రూన్ (వాడకంలో లేని వాల్యూములు, అంటే డేటా దాచే చోట్లు, తుడిచే కమాండ్) మాత్రం కొట్టకండి. అది కొడితే నిజంగానే పోతుంది.

వర్డ్‌ప్రెస్‌కి (సైటు నడిపేది) ఒక కంటైనర్, మైఎస్‌క్యూఎల్‌కి (దాని డేటాబేస్) ఒకటి పెట్టి, వూకామర్స్‌లో (వర్డ్‌ప్రెస్‌లో అంగడి పెట్టే ప్లగిన్) 40 చీరలు ఎక్కించానన్నారు. కంపోజ్ (కంటైనర్లన్నిటినీ ఒకే ఫైల్‌తో కలిపి నడిపేది) డౌన్, మళ్లీ అప్ చేస్తే వర్డ్‌ప్రెస్ కొత్తగా పెట్టేటప్పుడు వచ్చే, భాష ఎంచుకోమనే మొదటి పేజీ వచ్చిందన్నారు. అచ్చం నాకు జరిగిందే. అనంతపురంలో మా మామయ్యది గానుగ నూనె అంగడి. శనక్కాయ నూనె (మీ కర్నూలు వాళ్లకి బుడ్డల నూనె), నువ్వుల నూనె, చెక్కీలు. అత్తయ్యా నేనూ మిద్దె మీద ఎండలో సీసాలు పెట్టి తీసిన ఫొటోలన్నీ ఎక్కించి, రాత్రి ఏదో సెట్టింగ్ మార్చి డౌన్ కొట్టాను. పొద్దున్నే మామయ్య ఫోను: "ఏమప్పా, అంగడి తెరిచినావా లేదా?" ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కారణం ఇది. మీరు వాల్యూమ్ రాయకపోయినా ఆ రెండు ఇమేజ్‌లూ (కంటైనర్లు తయారయ్యే మూసలు) తమంతట తామే పేరులేని వాల్యూములు తీసుకుంటాయి. డౌన్ కొడితే కంటైనర్ పోతుంది కానీ వాల్యూమ్ అక్కడే ఉంటుంది. పేరు లేదు కాబట్టి తర్వాతి అప్ దాన్ని వెతుక్కోదు, కొత్తది తీసుకుంటుంది. డాకర్ వాల్యూమ్ ఎల్ఎస్ కొట్టి చూడండి, 64 అక్షరాల పిచ్చి పేర్లు కనిపిస్తాయి. ఒక్కోదానికీ ఇన్‌స్పెక్ట్ కొడితే ఎప్పుడు పుట్టిందో తేదీ చెబుతుంది. మీరు సైటు మొదలుపెట్టిన రోజుది పట్టుకోండి. నేను అన్నీ ఆపేసి, పేరున్న కొత్త వాల్యూమ్ చేసి, చిన్న ఆల్పైన్ (తేలికపాటి లినక్స్) కంటైనర్‌తో పాతదాంట్లోవి దాంట్లోకి కాపీ చేశాను. ఫొటోలకీ అంతే. తర్వాత కంపోజ్ ఫైల్లో ఆ పేర్లే రాశాను.

అక్కడ ఇంకో గంట పోగొట్టుకున్నాను. మధ్యలో ఫైల్లో పాస్‌వర్డ్ మార్చి ఉన్నా. మైఎస్‌క్యూఎల్ ఆ పాస్‌వర్డ్‌ని ఖాళీ వాల్యూమ్‌తో మొదటిసారి లేచినప్పుడే తీసుకుంటుంది. పాత డేటాకి పాతదే కావాలి.

మీ రెండో ప్రశ్న, వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో డేటాబేస్ హోస్ట్ (డేటాబేస్ ఎక్కడుందో చెప్పే చోటు) దగ్గర ఏం రాయాలని: లోకల్‌హోస్ట్ కాదు, కంపోజ్‌లో ఆ సర్వీసుకి పెట్టిన పేరు రాయాలి. మైఎస్‌క్యూఎల్ వాడే 3306 పోర్టు బయటికి తెరవకండి. యూఎఫ్‌డబ్ల్యూ (లినక్స్ ఫైర్‌వాల్) ఉందిలే అనుకోవద్దు, డాకర్ తెరిచిన పోర్టు దాన్ని దాటుకుని పోతుంది. 1 జీబీ ర్యామ్ సర్వర్ నాకైతే చాలలేదు. మైఎస్‌క్యూఎల్ 137 కోడ్‌తో (మెమరీ చాలక సిస్టమ్ ఆపేస్తే వచ్చేది) పడిపోతుండేది, 2 జీబీకి మారాక కుదిరింది.

నిజం చెప్పాలంటే 40 చీరలకి వాట్సాప్ కేటలాగే చాలు. కానీ మామయ్యలాగే మీకూ సొంత పేరుతో సైటు కావాలంటే, పేరున్న వాల్యూమ్‌తో పాటు రోజూ రాత్రి మైఎస్‌క్యూఎల్‌డంప్ (డేటాబేస్ నకలు) తీసి వేరే చోట దాచండి. డౌన్ పక్కన పొరపాటున హైఫన్ వి (-v) పడిందంటే పేరున్నవీ తుడిచిపెట్టుకుపోతాయి.