ఫుటీనే వృత్తిగా చేసుకోవాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీకు పదహారు నిండాయనీ, క్రికెట్ పక్కన పెట్టి ఏఎఫ్ఎల్‌లో, అంటే ఇక్కడ ఫుటీ అని పిలిచే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ పెద్ద లీగులో, ఆటగాడివి కావాలని పట్టుబట్టావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంబరపడుతూనే భయపడుతోంది. మెల్‌బోర్న్‌లో మనవాళ్ళకి తెలిసిన దారులు డాక్టరు, ఇంజినీరు, అకౌంటెంటు. ఈ దారిలో ఎక్కడ మలుపు ఉందో, ఎక్కడ గొయ్యి ఉందో చెప్పేవాళ్ళు ఇంటి చుట్టుపక్కల లేరు. అందుకే వివరంగా రాస్తున్నాను. అమ్మా నువ్వూ కలిసి చదవండి.

నీ వయసు పిల్లల కళ్ళన్నీ నవంబరులో జరిగే డ్రాఫ్ట్ మీదే, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం మీదే ఉంటాయి. టీవీలో పేరు పిలుస్తారు, క్లబ్ జంపర్ (ఆట చొక్కా) చేతికిస్తారు, ఇంటిల్లిపాదీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. మొదటి రౌండులో పేరు వచ్చినవాళ్ళని పక్కన పెడితే, అక్కడ చేతికొచ్చేది మామూలుగా రెండేళ్ల కాంట్రాక్టే. జాతీయ డ్రాఫ్ట్‌లో ఏటా తీసుకునేది అరవై, డెబ్భై మందిని. ఒక్కో క్లబ్ జాబితాలో ఉండేది నలభై పైచిలుకు చోట్లు. కొత్తవాళ్ళు వచ్చినంతమంది పాతవాళ్ళు వెళ్ళాల్సిందే కదా! రెండేళ్లలో సీనియర్ మ్యాచ్‌లు నాలుగైదు కూడా ఆడకుండానే ఇంటిదారి పట్టినవాళ్ళు చాలామంది. కాబట్టి నువ్వు గురి పెట్టాల్సింది రెండో కాంట్రాక్ట్ మీద. దానికి ఏం కావాలో అది సంపాదించుకుంటే డ్రాఫ్ట్‌కి కావలసింది కూడా అందులోనే వస్తుంది.

ముందు దారి సంగతి. సబర్బ్ క్లబ్బులో బాగా ఆడేవాళ్ళని విక్టోరియాలో కోట్స్ టాలెంట్ లీగ్ అనే కుర్రాళ్ళ లీగు జట్లు పిలుస్తాయి. మీ పడమటి సబర్బుల పిల్లలకి అది వెస్ట్రన్ జెట్స్. అక్కడ రాణిస్తే అండర్ 18 జాతీయ పోటీల్లో విక్టోరియా జట్టుకి ఆడొచ్చు. డ్రాఫ్ట్ జరిగే ఏడాది డిసెంబర్ 31 నాటికి 18 నిండుతూ ఉండాలి. నీకు ఇంకో తలుపు కూడా ఉంది. ఆసియాలోనో ఆఫ్రికాలోనో పుట్టిన తల్లిదండ్రుల పిల్లల కోసం, ఆదివాసీ పిల్లల కోసం క్లబ్బులు నెక్స్ట్ జనరేషన్ అకాడమీలు నడుపుతాయి. మీ అమ్మానాన్న పుట్టింది ఇండియాలో కాబట్టి అడిగే హక్కు నీకుంది. ఏ సబర్బ్ ఏ క్లబ్ పరిధిలోకి వస్తుందో, చేరడానికి వయసు హద్దు ఎంతో ఈ నెలలోనే కనుక్కో. ఈ నిబంధనలు ఏడాదికో రకంగా మారుతుంటాయి, స్నేహితుల మాట మీద ఆధారపడకు.

డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే కథ ముగిసినట్టు కాదు. క్లబ్ అదనపు జాబితాలోకి తీసుకునే రూకీ డ్రాఫ్ట్ ఉంది, సీజన్ మధ్యలో మరో డ్రాఫ్ట్ ఉంది, వీఎఫ్ఎల్ లాంటి రాష్ట్ర లీగులు ఉన్నాయి. మ్యాట్ ప్రిడిస్‌ని డ్రాఫ్టుల్లో వదిలేశారు. రూకీగా వెస్ట్ కోస్ట్‌లో చేరి 2014లో లీగులో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. మార్లియన్ పికెట్‌ని రిచ్‌మండ్ 2019 సీజన్ మధ్యలో 27 ఏళ్ల వయసులో తీసుకుంది. అతను ఆడిన మొట్టమొదటి ఏఎఫ్ఎల్ మ్యాచే ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్!

ఇక ఆట. ఐదారేళ్ల వయసులో ఆస్‌కిక్‌తో (చిన్నపిల్లల ఫుటీ శిక్షణ) మొదలుపెట్టిన పిల్లలకీ, పన్నెండు దాటాక వచ్చిన నీకూ అసలు తేడా పరుగులో ఉండదు. కిక్‌లో ఉంటుంది. కిక్‌లో కూడా కాలు కన్నా ముందు చేతిలో ఉంటుంది. డ్రాప్ పంట్, అంటే చేతిలోంచి వదిలిన బంతిని నేల తాకకముందే తన్నే మామూలు కిక్, చెడిపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం బంతిని వదిలే తీరే.

ఇలా చెయ్యి. బంతిని నిలువుగా, పైకొన నీ వైపు కొంచెం వాలేలా పట్టుకో. కుట్లు ముందువైపు ఉండాలి, అరచేతులు రెండు పక్కలా కొంచెం వెనక్కి ఉండాలి. కుడికాలితో తన్నేటప్పుడు ఎడమ చెయ్యి ముందు తప్పుకుంటుంది. బంతిని కిందికి తీసుకెళ్ళేది కుడిచెయ్యే. నడుము ఎత్తు దాకా ఆ చేత్తోనే దించి, అక్కడ వదిలెయ్. పైకి ఎగరెయ్యకు, విసరకు. ఛాతీ ఎత్తులో వదిలితే గాలికి బంతి తిరగడానికి సమయం దొరుకుతుంది. అప్పుడు పాదానికి అడ్డంగా తగిలి ఎటో పోతుంది. పాదం వేళ్ళు చాచి బిగించి, బూటు లేసుల కింద ఉండే గట్టి ఎముకతో బంతి కిందికొనకి కాస్త పైన తాకాలి. సరిగ్గా తగిలితే బంతి వెనక్కి దొర్లుతూ పోతుంది, పట్టేవాడికి చేతుల్లో నెమ్మదిగా వాలుతుంది. బంతి అడ్డంగా గిరగిరా తిరిగితే వదలడంలో తప్పు. ఎప్పుడూ ఎడమకే పోతుంటే చెయ్యి ఒంటికి అడ్డంగా వస్తోందన్నమాట. పైకి లేచి పొట్టిగా పడితే వెనక్కి వాలుతున్నావు. గోల్ వైపు ఎవరినైనా నిలబెట్టి ఫోన్లో వీడియో తీయించుకుంటే ఈ మూడూ నీకే కనబడతాయి.

రోజూ ఇరవై నిమిషాలు చాలు. ముందు పదిహేను మీటర్ల దూరంలో స్నేహితుడి ఛాతీకి, తర్వాత ముప్పై మీటర్లకి, చివర పరుగెడుతూ. అందులో మూడోవంతు ఎడమకాలితో. ఎడమవైపు తిరగలేని ఆటగాణ్ణి ప్రత్యర్థి జట్టు ఒక్క క్వార్టర్‌లో కనిపెట్టేస్తుంది. కాళ్ళు అలిసి నీరసించాక యాభై మీటర్ల కిక్‌లు వరసపెట్టి కొట్టొద్దు, తొడ ముందు కండరం పట్టేసేది అప్పుడే.

పొడవు లేదని దిగులు పడకు. కేలెబ్ డేనియల్ ఎత్తు 168 సెంటీమీటర్లు. 2014 డ్రాఫ్ట్‌లో 46వ పిలుపు అతనిది. 2016లో వెస్ట్రన్ బుల్‌డాగ్స్ 62 ఏళ్ల తర్వాత ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచిన జట్టులో ఉన్నాడు, 2020లో ఆల్ ఆస్ట్రేలియన్ అయ్యాడు, అంటే ఆ ఏడాది లీగు అత్యుత్తమ జట్టులో చోటు సంపాదించాడు. అతన్ని జట్టులో నిలబెట్టింది ఆ కిక్కే. నేను ఇంతసేపు దీని గురించే రాయడానికి కారణం అదే.

క్రికెట్ నీకు ఒక మేలు చేసింది, ఎత్తులోంచి వచ్చే బంతి కింద కుదురుగా నిలబడటం నేర్పింది. ఒక చెడ్డ అలవాటు కూడా ఇచ్చింది, బంతిని ఒంటి దగ్గరికి రానిచ్చి చేతులు వెనక్కి లాగుతూ పట్టడం. ఇక్కడ అలా ఆగితే వెనకనుంచి పిడికిలి వచ్చి బంతిని కొట్టేస్తుంది. మార్క్ పట్టేటప్పుడు, అంటే తన్నిన బంతిని గాల్లోనే అందుకునేటప్పుడు, చేతులు నుదుటి కన్నా ముందుకి చాచు. బొటనవేళ్ళు రెండూ బంతి వెనక దగ్గరగా ఉండాలి, వేళ్ళు విప్పారి ఉండాలి. నువ్వు వేగంగా బౌలింగ్ చేసేవాడివి కాబట్టి ఇంకో మాట. వేసవంతా బౌలింగ్, దానిమీద ఫుటీ ప్రీసీజన్ పరుగులు కలిపితే నీ వయసులో నడుము ఎముకకి సన్నటి బీట పడే ప్రమాదం ఉంది. నడుములో ఒకే పక్క, వెనక్కి వంగినప్పుడు నొప్పి వస్తే మందు రాసి ఊరుకోకు, స్పోర్ట్స్ డాక్టరుకి చూపించు.

డ్రాఫ్ట్‌కి ముందు జరిగే పరీక్షల్లో, అంటే డ్రాఫ్ట్ కంబైన్‌లో, 20 మీటర్ల పరుగు, నిలువు జంప్, మలుపులు తిరుగుతూ చేసే ఎజిలిటీ పరుగు, 2 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. 20 మీటర్లు 3 సెకన్ల లోపు, 2 కిలోమీటర్లు ఆరు నిమిషాల దరిదాపుల్లో ఉంటే రిక్రూటర్లు (క్లబ్బుల కోసం ఆటగాళ్ళని వెతికేవాళ్ళు) కాగితం మీద గుర్తు పెట్టుకుంటారు. ఈ అంకెలు నిన్ను ఎంపిక చేయవు, అనుమానాలు తీరుస్తాయంతే. ఇంటర్వ్యూల బరువు తక్కువ అంచనా వెయ్యకు. కోచ్ జట్టులోంచి తీసేస్తే ఏం చేశావు, నీ ఆటలో లోటేమిటి అని అడుగుతారు. నిజం చెప్పు. నీ స్కూల్ టీచర్నీ, క్లబ్బులో నీళ్ళు మోసే మనిషినీ కూడా వాళ్ళు నీ గురించి అడిగే ఉంటారు.

ఒంటి సంగతి. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో 12 నుంచి 15 కిలోమీటర్లు తిరుగుతాడు, అదీ ఆగుతూ, వంగుతూ, గుద్దుకుంటూ. ఈ ఆటలో ఎక్కువగా దెబ్బతినేది తొడ వెనక కండరం. రెండే జాగ్రత్తలు: వారానికి రెండుసార్లు నార్డిక్ వ్యాయామం (మోకాళ్ళ మీద నిలబడి, మడమలు ఎవరైనా పట్టుకుంటే ఒంటిని మెల్లగా ముందుకి వాల్చడం), వారానికి ఒకసారైనా పూర్తి వేగానికి దగ్గరగా పరుగు. శిక్షణలో ఎప్పుడూ నెమ్మదిగా తిరిగి శనివారం ఒక్కసారిగా ఉరికితే ఆ కండరం చిరుగుతుంది. స్కూల్ జట్టు, క్లబ్ జట్టు, అకాడమీ ముగ్గురూ ఎవరికి వారు పని చెబుతారు, మొత్తం కలిపి చూసేవాళ్ళు ఉండరు. అది నువ్వే ఒక పుస్తకంలో రాసుకుని ముగ్గురు కోచ్‌లకీ చూపించు.

తల దెబ్బ విషయంలో మాత్రం బేరం లేదు. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అయితే సబర్బ్ ఫుటీలో కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు. ఆ తర్వాత కూడా డాక్టరు సరేనంటేనే. వచ్చే వారం రిక్రూటర్ వస్తున్నాడని దాచిపెట్టడం ఈ దారిలో చెయ్యగల అన్నిటికన్నా పెద్ద తప్పు. మెల్‌బోర్న్ జట్టులో ప్రీమియర్‌షిప్ గెలిచిన యాంగస్ బ్రేషా తలకి తగిలిన దెబ్బల వల్ల 2024లో 28 ఏళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది.

తిండి గురించి అమ్మకి బెంగ అక్కర్లేదు. మ్యాచ్‌కి మూడు నాలుగు గంటల ముందు అన్నం, చారు, కాస్త పెరుగు చక్కగా సరిపోతాయి. ఆ పూట ఆవకాయ, వేపుళ్ళు, పప్పు ఎక్కువ వద్దు, పరుగులో కడుపు బరువెక్కుతుంది. మాంసకృత్తులు రోజుకి కిలో బరువుకి 1.6 గ్రాముల చొప్పున చూసుకో. 70 కిలోల వాడికి 110 గ్రాములు పైన. ఒక్క పప్పుతో అది నిండదు, గుడ్లు, కోడికూర, పెరుగు, పనీర్ పూటపూటా పంచుకోవాలి.

జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడులూ, ఊరినుంచి వచ్చిన లేహ్యాలూ మాత్రం ముట్టుకోవద్దు. వాటిలో ఏం కలిసిందో డబ్బా మీద ఉండదు, మూత్ర పరీక్షలో బయటపడితే జవాబుదారీ నీదే. ఎసెండన్ క్లబ్ సప్లిమెంట్ల వ్యవహారంలో 34 మంది ఆటగాళ్ళు 2016 సీజన్‌కి దూరమయ్యారు, క్లబ్బు ఇచ్చింది తీసుకున్నామన్న మాట వాళ్ళని కాపాడలేదు. బెట్టింగ్ కూడా అంతే. కాలింగ్‌వుడ్ కుర్రాడు జేడెన్ స్టీఫెన్‌సన్‌కి 2019లో 22 మ్యాచ్‌ల శిక్ష పడింది, అందులో 12 వాయిదా వేశారు. పందెం చిన్నదా పెద్దదా అని ఎవరూ చూడరు. ఏఎఫ్ఎల్ మ్యాచ్ మీద ఫ్రెండ్ ఫోన్‌తో కూడా పందెం కట్టొద్దు.

మేనేజర్లు ఇంటికి వస్తారు. ఆటగాళ్ళ సంఘం గుర్తింపు ఉందో లేదో చూడకుండా బావగారు సంతకం పెట్టకూడదు. డ్రాఫ్ట్ అయినవాడి మొదటి జీతం ఒప్పందం ప్రకారం ముందే ఖరారై ఉంటుంది, ఆడిన సీనియర్ మ్యాచ్‌కి ఇంత అని పైన కలుస్తుంది. మేనేజర్ బేరమాడేది అందులో పెద్దగా ఉండదు కాబట్టి తొందరేం లేదు. సగటు జీతం 4 లక్షల డాలర్లు దాటిందని విని లెక్కలు వేసుకోవద్దు. ఆ సగటుని పైకి లాగేది పెద్ద ఆటగాళ్ళు. మొదటి రెండేళ్ల డబ్బులో పన్ను పోగా సగం దాచు. కారు తర్వాత.

చదువు. వీసీఈ, అంటే ఇక్కడి పన్నెండో తరగతి పరీక్షలు అక్టోబరు, నవంబరులో. కంబైన్, క్లబ్ ఇంటర్వ్యూలు, డ్రాఫ్ట్ కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. కాబట్టి పన్నెండో తరగతి సిలబస్ ఆగస్టు కల్లా ముగిసేలా ఇప్పుడే టీచర్లతో మాట్లాడు, వీలైతే ఒకటి రెండు సబ్జెక్టులు పదకొండులోనే పూర్తి చెయ్. క్లబ్బులో చేరాక యూనివర్సిటీ పార్ట్‌టైమ్‌గా సాగనివ్వు. మోకాలి లిగమెంట్ తెగితే తొమ్మిది నెలల నుంచి ఏడాది మైదానం బయట కూర్చోవాలి. ఆ ఏడాదిలో చదువు చేతిలో ఉన్నవాడు నిలదొక్కుకుంటాడు, లేనివాడు గోడలు చూస్తూ కూర్చుంటాడు.

అమ్మకి ఇంకొక్క విషయం ముందే చెప్పాలి. ఏ క్లబ్ పిలుస్తుందో ఎంచుకునే వీలు నీకు లేదు. పెర్త్ పిలిస్తే విమానంలోనే నాలుగు గంటలు. పద్దెనిమిదేళ్లవాడివి, తెలియని ఇంట్లో ఉండాలి. ఆటలో లోటు లేకపోయినా ఇంటిమీద బెంగతో రెండో కాంట్రాక్ట్ వదులుకున్నవాళ్ళున్నారు. ఇప్పటినుంచే బట్టలు ఉతుక్కోవడం, నాలుగు కూరలు వండుకోవడం నేర్చుకో.

ఈ ఆదివారం పదిహేను మీటర్ల కిక్‌లు ఇరవై, సగం ఎడమకాలితో, గోల్ వైపునుంచి తీయించి పంపు. బంతి వదిలే చెయ్యి స్పష్టంగా కనబడాలి. అకాడమీ పరిధి గురించి క్లబ్ ఏం చెప్పిందో కూడా రాయి. బావగారిని, అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య