పార్కులో కాక్టస్ ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పార్కుల్లో, కాలేజీల్లో కాక్టస్, సక్యులెంట్ (ఒంట్లో నీరు దాచుకునే) మొక్కల పాలీహౌస్‌లు, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్లు, చూసుకునేవాళ్లు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా పట్టణ పార్కులో 20 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న పాలీహౌస్ ఉంది. నాలుగు వైపులా షీటు దించి వాన చుక్క పడకుండా చూస్తున్నాం. నీళ్లు వారానికి రెండుసార్లే పోస్తాం. అయినా శ్రావణం వచ్చేసరికి పెద్ద గోల్డెన్ బారెల్ (బంగారు ముళ్ల గుండ్రటి కాక్టస్) మొక్కలు మొదలు దగ్గర మెత్తబడి వాలిపోతున్నాయి. ఎందుకిలా? (అనంతపురం జిల్లా)

జవాబు: వానతో పాటు గాలిని కూడా ఆపేశారు. చలి దేశాల్లో గ్రీన్‌హౌస్ కట్టేది వెచ్చదనం కోసం. మన ఎండల్లో ఆ పని లేదు. మనకు కావలసింది వానకు గొడుగు, అంతే. పక్క షీట్లు పైకి చుట్టేసి దోమతెర లాంటి నెట్ కట్టండి. గాలి ఆడే ఖాళీ నేల విస్తీర్ణంలో కనీసం ఐదో వంతు ఉండాలి. మీది 160 చదరపు మీటర్లు కాబట్టి 32 కావాలి. పొడవు గోడలు రెండింటికీ మీటరు ఎత్తు మేర తెరిస్తే 40 వస్తుంది. కప్పు మీద కూడా ఒక తెరుపు ఉంటే వేడి గాలి దానంతటదే పైకి పోతుంది.

గాలి ఇంత ముఖ్యం ఎందుకంటే, కాక్టస్ పగలు ఆకురంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. రాత్రి ఉక్కపోతగా ఉంటే ఒంట్లో నీరు బయటికి పోదు, కుండీలో నీరు వేళ్లు లాగవు. మీరు సోమవారం పోసిన నీళ్లు గురువారానికి కూడా అక్కడే ఉంటాయి. దాని మీద మళ్లీ పోస్తే బూజు జాతుల తెగుళ్లకు మనమే దారి వేసినట్టు.

అందుకే వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోకండి. చీపురు పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్లకు తడి ఇసుక అంటుకుంటే ఆ రోజు నీళ్లు వద్దు. ఉజ్జాయింపుగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు 7–10 రోజులకోసారి, మేలో 10–12 రోజులకోసారి సాయంత్రం, జులై నుంచి సెప్టెంబరు వరకు రెండు మూడు వారాలకోసారి, అదీ ఎండ కాసిన ఉదయమే పోయాలి. అక్టోబరు, నవంబరులో పది రోజులకు, డిసెంబరు, జనవరిలో మూడు వారాలకు ఒకసారి చాలు. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి. పైపైన చిలకరిస్తే కింది వేళ్లు ఎండిపోతాయి.

మట్టి కూడా చూడాలి. 4 పాళ్లు కడిగిన ముతక ఇసుక, 3 పాళ్లు శనగగింజంత ఇటుక ముక్కలు, 2 పాళ్లు జల్లించిన ఆకు ఎరువు, 1 పాలు బొగ్గు ముక్కలు కలపండి. ఇసుకలో సన్నని పొడి మిగిలితే అది సందుల్లో దిగి సిమెంటులా పట్టేస్తుంది. అలాంటి ఇసుక కన్నా అసలు వేయకపోవడం మేలు. కొబ్బరి పొట్టు జోలికి పోకండి. తడిస్తే ఆరదు, పూర్తిగా ఆరితే మళ్లీ సులభంగా తడవదు.

వాలిన మొక్కను పెకలించి అడుగు భాగం అడ్డంగా కోయండి. నడిమి వలయంలో నారింజ రంగు గానీ గోధుమ రంగు గానీ మచ్చ కనిపిస్తే కుళ్లు ఇంకా పైన ఉన్నట్టే. మచ్చలేని కండ వచ్చేదాకా పలచగా కోస్తూ పోవాలి. ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడవకపోతే తెగులును మీ చేత్తోనే పైకి ఎక్కిస్తారు. కోత మీద గంధకం పొడి చల్లి, నీడలో గాలి తగిలేచోట మూడు నాలుగు వారాలు ఆరబెట్టి, పొడి ఇసుక మీద నిలబెట్టండి. పెద్ద బారెల్ మళ్లీ వేరు వేస్తుందన్న హామీ లేదు, కానీ ప్రయత్నం చేయాల్సిందే. ఈ మొక్క పూతకు రావడానికే 15–20 ఏళ్లు పడుతుంది. దాని సొంత నేల మెక్సికోలోని కెరెటారో ప్రాంతంలో 1990లలో జిమపాన్ ఆనకట్ట నీటిలో చాలా భాగం మునిగిపోయింది. అక్కడ అది అంతరించిపోయే ప్రమాదంలో ఉంది.

కుండీ మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. గోనెసంచిని మడిచి ఉయ్యాలలా కింద వేసి ఇద్దరు ఎత్తండి. ఎత్తే ముందు దక్షిణం వైపు సుద్దతో గుర్తు పెట్టి, కొత్త చోట కూడా ఆ వైపే తిప్పి ఉంచండి. ఇన్నాళ్లూ నీడన ఉన్న వైపు ఒక్కసారిగా మండే ఎండకు వస్తే మాడి తెల్ల మచ్చ పడుతుంది, అది ఇక పోదు. నాటాక 7–10 రోజులు నీళ్లు వద్దు, తెగిన వేళ్లు ఆరాలి.

ప్రశ్న: పైన చెప్పిన పాలీహౌస్‌లోనే బోరు నీళ్లతో మొక్కల మీద తెల్లటి పొర కడుతోంది. కొత్త ముళ్లు కూడా సరిగా రావడం లేదు. (అనంతపురం జిల్లా)

జవాబు: అది సున్నం. మట్టి క్షారగుణంలోకి పోతే ఇనుము ఉన్నా వేరు అందుకోలేదు. మొక్క పాలిపోతుంది, ముళ్లు బలహీనంగా వస్తాయి. మీ కప్పే దీనికి మందు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మీ జిల్లాలో ఏడాదికి సుమారు 550 మి.మీ. పడుతుంది. 160 చదరపు మీటర్ల కప్పు మీద ఐదో వంతు వృథా పోయినా 70,000 లీటర్లు వస్తాయి. కప్పు అంచుకు తొట్టి గొట్టం కట్టి, మొదటి జల్లు నీటిని వదిలేసి, తర్వాతది మూత ఉన్న ట్యాంకులో పట్టుకోండి.

ప్రశ్న: నాగజెముడు మీద, మామిల్లేరియాల (చిన్న గుండ్రటి కాక్టస్‌ల) మీద దూదిలాంటిది పట్టింది. వేపనూనె కొట్టినా పోవడం లేదు. (గుంటూరు జిల్లా)

జవాబు: ఒక దూదిని వేలితో నలిపి చూడండి. నాగజెముడు మీది దూది నలిపినప్పుడు చిక్కని ఎర్రరంగు కారితే అది కోచినీల్ పురుగు. 1795లో రంగు పరిశ్రమకు పనికొచ్చే జాతి అనుకుని పొరపాటున వేరే జాతి కోచినీల్‌ను మన దేశానికి తెచ్చారు. 1926లో శ్రీలంక నుంచి ఇంకో జాతిని తెచ్చి, దక్షిణాదిలో పొలాలను ఆక్రమించిన నాగజెముడు మీద కావాలనే వదిలారు. అది పొదలు పొదలుగా జెముడును తుడిచిపెట్టింది. అంత ఆకలిగల పురుగు కాబట్టి పట్టిన మట్టలను కోసి తగలబెట్టండి. మిగతా వాటిని గట్టి నీటి ధారతో కడగండి.

మామిల్లేరియా మీదది పిండినల్లి అయి ఉంటుంది. మైనపు పొర ఉండటం వల్ల పైపైన మందు దిగదు. దూది చుట్టిన పుల్లను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కోదాన్నీ తాకించండి. పది రోజుల తేడాతో మూడుసార్లు చేయాలి, ఎందుకంటే గుడ్లు తర్వాత పొదుగుతాయి. కుండీ నుంచి మొక్కను తీసి చూడటం మరవొద్దు. వేళ్ల మీద, కుండీ లోపలి గోడకు తెల్ల పొడి ఉంటే వేరు పిండినల్లి. దానికి ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. పురుగుమందు లీటరు నీటికి అర మి.లీ. కలిపి మట్టి తడపండి. సెలవు రోజు చేతికి తొడుగులు వేసుకుని పోసి, మర్నాటి దాకా సందర్శకులను రానివ్వకండి. పూత ఉన్నప్పుడు వద్దు, తేనెటీగలు చస్తాయి.

బూడిద పూసినట్టుండే ఎచెవేరియాల (గులాబీ పువ్వులా ఆకులు పేర్చినట్టుండే సక్యులెంట్‌ల) మీద ఏ నూనె కొట్టినా ఆ పూత చెరిగి, ఎండకు ఆకు కాలుతుంది.

ప్రశ్న: ఎర్ర, పసుపు బంతుల్లాంటి అంటు కాక్టస్‌లు రెండేళ్లకే పోతున్నాయి.

జవాబు: ఆ బంతిలో పచ్చదనం లేదు, సొంతంగా బతకలేదు. కింద ఉన్నది డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడ. ముందు అదే అలసిపోతుంది. ఆ బంతి పిలకలను సెరియస్ (స్తంభంలా పెరిగే కాక్టస్) కాడ మీద, రెండు కోతల్లోని వలయాలు ఒకదాని మీద ఒకటి కొంతైనా ఆనేలా పెట్టి, రబ్బరు బ్యాండుతో బిగించి పది రోజులు నీడలో ఉంచండి.

ప్రశ్న: సందర్శకులు కలబంద జాతి ఆకుల మీద పేర్లు గీస్తున్నారు, పేరు పలకలు లాగేస్తున్నారు. (హైదరాబాద్)

జవాబు: గీత మొక్కకు చివరిదాకా ఉంటుంది. దారి పక్క అడుగున్నర మేర గులకరాళ్లు పరిచి, గీయడానికి వీలున్న వెడల్పాటి ఆకులను దాని వెనక పెట్టండి. కిత్తనార ముల్లు పిల్లల కంటి ఎత్తున ఉంటే కొసను గోళ్ల కత్తెరతో కొద్దిగా తీసేయండి.

పలకల విషయం ఇంకా ముఖ్యం. పేరు, వచ్చిన చోటు తెలియని మొక్క ఎంత అందంగా ఉన్నా అది సేకరణలో భాగం కాదు. ప్రతి మొక్కకూ 2025-0041 అన్నట్టు ఏడాదితో కలిపి వరస సంఖ్య ఇచ్చి రిజిస్టరులో రాయండి. సంఖ్య గుచ్చిన అల్యూమినియం పలకను మట్టిలో పూర్తిగా పాతిపెట్టి, సందర్శకులకు కనిపించే పలకను వేరుగా పెట్టండి. ప్లాస్టిక్ పలకల మీద మార్కరు ఎండకు ఏడాదిలో వెలిసిపోతుంది, మెత్తటి పెన్సిల్ ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ప్రశ్న: బ్రిటన్‌లో ఒక గ్లాస్‌హౌస్‌లో వారాంతాల్లో సాయం చేస్తున్నాను. చలికాలంలో నీళ్లెలా?

జవాబు: ఎడారి కాక్టస్‌లకు అక్టోబరు చివరి నుంచి మార్చి మొదటి దాకా నీళ్లు పూర్తిగా ఆపేసి, కనీసం 5–7 డిగ్రీల వేడి ఉంచండి. అవి ముడుచుకుంటాయి, కంగారు పడొద్దు. మెలోకాక్టస్‌లకు మాత్రం 15 డిగ్రీలు తగ్గకూడదు. చెట్ల మీద పెరిగే క్రిస్మస్ కాక్టస్‌కు అప్పుడే పూత, దానికి తడి కావాలి. లండన్‌లోని క్యూ గార్డెన్స్ వృక్షోద్యానంలో 1987లో ప్రారంభమైన ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ కన్సర్వేటరీ అనే గాజు ఇంట్లో ఒకే కప్పు కింద పది వాతావరణాలు పెట్టింది ఇందుకే.

ప్రశ్న: మన కొండల మీది కుందేటి కొమ్ములు, జెముళ్లు కూడా పెట్టొచ్చా? అవి కాక్టస్‌లేనా?

జవాబు: తప్పకుండా పెట్టండి. మన కొండల మీద పుట్టినవి కాక్టస్‌లు కావు, కాక్టస్‌ల పుట్టిల్లు అమెరికా ఖండాలు. ముళ్లు ఒక చిన్న నూగు దిండు మీంచి పుడితే అది కాక్టస్. గిల్లితే పాలు కారితే అది యూఫోర్బియా జెముడు. పక్కపక్కన పెట్టి ఈ తేడా రాసిన బోర్డు ఉంచితే పిల్లలు ఇష్టంగా చూస్తారు. కుందేటి కొమ్ములను అడవిలో పీకొద్దు. పెంచుతున్నవాళ్ల దగ్గర 10 సెం.మీ. ముక్క తీసుకుని, అయిదు రోజులు ఆరబెట్టి, ఒక సెంటీమీటరు లోతున నాటి, సగం నీడలో ఉంచండి. జెముడు కోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. పాలు కంట్లో పడితే 15 నిమిషాలు పారే నీటితో కడిగి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కోత మీద పాలు ఆగేదాకా నీళ్లు చల్లి, ఆ కత్తితోనే మరో మొక్కను కోయకుండా ముందు కడగండి.